తహూరా పేరు మీద

సోమవారం పొద్దున తొమ్మిదింటికి సిద్దిపేటలోని డయాలసిస్ సెంటర్ మెట్లు తహూరా ఎక్కేసరికి, లోపల మూడో మంచం మీద కొండవ్వను పడుకోబెట్టి మిషన్ తగిలించారు. ఆమె కాళ్లు మోకాళ్ల దాకా నీరు పట్టి నున్నగా మెరుస్తున్నాయి. ముఖం ఉబ్బిపోయి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. మొగుడు ఉప్పలయ్య మంచం పక్కన నిలబడి, చేతిలోని బటన్ల ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతున్నాడు. తొగుట దగ్గరి పల్లె నుంచి తెల్లవారకముందే ఆటోలో తీసుకొచ్చాడట. దారిలో రెండుసార్లు ఊపిరాడకపోతే ఆటో ఆపించి గాలికి కూర్చోబెట్టానని నర్సుకు చెబుతున్నాడు. ఆమె మిషన్ అంకెలు చూసుకుంటూనే తల ఊపుతోంది.

శనివారం కొండవ్వ వంతు. శుక్రవారం సాయంత్రం ఫోన్ రావాలి. రాలేదు. ఉన్నవి ఆరు మిషన్లు, వచ్చేవాళ్లు అరవై మందికి పైనే. ఎవరి వంతు ఎప్పుడో మారుతూ ఉంటుంది కాబట్టి ఫోన్ వస్తేనే రండి, ఊరికే వచ్చి కూర్చోవద్దు అని సెంటర్ వాళ్లే అందరికీ చెప్పి పెట్టారు. ఉప్పలయ్య ఆ మాటే పట్టుకున్నాడు. వంతు ముందుకు జరిగిందేమో అనుకుని శనివారమంతా ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం సెంటర్ మూత.

ఆ ఫోన్ చేసేది మనిషి కాదు. తహూరా గో అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం. రోజూ సాయంత్రం ఆరింటికి అది మరునాటి జాబితా తెరిచి, ఒక్కో నంబరుకూ ఫోన్ చేసి, రేపు ఎన్ని గంటలకు మీ వంతో చెబుతుంది. మూడు నెలలుగా ఒక్క రోజు కూడా తప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయింది. వచ్చాక ఆపరేటర్ దేవరాజు ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టాడు. అది ఎప్పటిలాగే ఆరింటికి ఫోన్లు చేసింది. కాకపోతే మరునాటి జాబితాలోని వాళ్లకు కాదు, జూన్‌లో పరీక్ష కోసం రాసుకున్న పాత జాబితాలోని వాళ్లకు చేసింది. అప్పటికి కొండవ్వ ఈ సెంటర్‌కు రావడమే మొదలుపెట్టలేదు. ఆమెతో పాటు, ఆ పాత జాబితాలో లేని మరో నలుగురికి ఫోన్లు పోలేదు. ఆ నలుగురూ సిద్దిపేటలోనే ఉన్నవాళ్లు కాబట్టి తామే వచ్చి అడిగి చేయించుకున్నారు.

సెంటర్ మేనేజర్ మేడం గదిలో నరహరి అప్పటికే కూర్చుని ఉన్నాడు. ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తహూరా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె టీంకు ఆయనే పెద్ద. గో భాష మొదటి అక్షరం నుంచి నేర్పింది ఆయనే కాబట్టి మిగతా అందరూ సార్ అని పిలిచినా ఆమె మాత్రం ‘అన్నా’ అనే పిలుస్తుంది. ఆమె రాగానే లేచి తన కుర్చీ ఇచ్చి, తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“దాచుడేం లేదు మేడం,” అన్నాడు నెమ్మదిగా. “మా పిల్ల చేతిలనే తప్పు అయ్యింది. కొత్తది గదా, చూసుకోలే. ఏదున్నా నన్ను అనుండ్రి.”

తహూరా తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆయన ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు జరిపాడు. ప్రోగ్రాంలో ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో చూపించే చిట్టా అది. ఆగస్టు పదమూడు. రాసింది: తహూరా. కింద పచ్చరంగులో ఒకే ఒక లైను. జాబితా ఎక్కడుందో ప్రోగ్రాంకు చెప్పే లైను. అందులో పూర్తి దారి లేదు. డేటా ఫోల్డర్‌లోని టర్న్స్, అంటే వంతుల ఫైలు అని మాత్రమే ఉంది.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. పదమూడున ఈ పని మీదే కూర్చున్న మాట నిజం. ఆ పని ఇంకోలా చేసినట్టు మనసులో ఎక్కడో ఉంది. తెర మీద మాత్రం తన పేరే ఉంది, తేదీ కూడా సరిపోయింది. ఇంత తెలిసీ ఇలా ఎలా రాశానని తనను తనే అడుక్కుంది.

మేడం అసలేమైందో అందరికీ అర్థమయ్యే తెలుగులో చెప్పమంది. గుమ్మం దగ్గర ఉప్పలయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. తహూరా ఆయనకే చెప్పింది.

“కుడిదిక్కు మూడో ఇల్లు అని రాసిన తాతా. ఎక్కడికెల్లి మూడో ఇల్లో రాయలే. ప్రోగ్రాం నిలబడ్డ జాగ మారింది. ఆ జాగల గూడ ఒక మూడో ఇల్లు ఉండె. అండ్ల పాత లిస్టు ఉండె.”

ఉప్పలయ్య చేతిలోని ఫోన్ వైపు చూశాడు. “అంటే ఫోను వేరేటోళ్లకు పోయిందన్నట్టు.”

“అవును తాతా.”

“నువ్వేనా బిడ్డా రాసింది?”

“నేనే.”

ఉప్పలయ్య, భార్య కాళ్లను చూసినట్టే తహూరా చేతులను కూడా ఒకసారి చూసి మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ చూపు తహూరాను ఆ రోజంతా వదల్లేదు.

గది బయట దేవరాజు చేతిలో మడతలు పడ్డ కాగితంతో నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి. నరహరి సారు రాసిచ్చిన కాగితం మీద ఎట్ల ఉంటే అట్లనే కొట్టిన మేడం అని మూడుసార్లు చెప్పాడు. నల్ల తెర తెరిచి ప్రోగ్రాం పేరు కొట్టు అని మాత్రమే ఉంది అందులో. ముందు ఫలానా ఫోల్డర్‌లోకి వెళ్లు అన్న మాట లేదు. మేడం కాగితం తీసుకోలేదు. విచారణ అయ్యేదాకా రావద్దంది. అతను మెడలోంచి గుర్తింపు కార్డు తీసి, తాడు చుట్టి, ఎవరికివ్వాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి నర్సు బల్ల మీద పెట్టి వెళ్లాడు.

మంగళవారం ఆఫీసులో తహూరా ఆ తప్పును మళ్లీ చేసి చూసింది. సెంటర్ కంప్యూటర్‌లో ఉన్నట్టే తన దాంట్లో రెండు చోట్ల రెండు డేటా ఫోల్డర్లు పెట్టింది. ఒకదాంట్లో కొత్త జాబితా, ఇంకోదాంట్లో పాతది. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపితే కొత్త పేర్లు వచ్చాయి. ఒక మెట్టు బయటికి వచ్చి అదే ప్రోగ్రాంను నడిపితే పాత పేర్లు వచ్చాయి. ప్రోగ్రాం ఒక్కసారి కూడా తప్పని చెప్పలేదు, ఎర్ర అక్షరం ఒక్కటి చూపించలేదు. ఫైలు దొరికింది కదా, దాని లెక్కన అంతా బాగానే ఉంది. దారి సగమే రాస్తే గో ప్రోగ్రాం తాను ఉన్న చోటు నుంచి వెతకదు. తనను ఎక్కడ నిలబడి పిలిచారో అక్కడి నుంచి వెతుకుతుంది. చేరిన రెండో వారంలోనే నరహరి ఆమెకు నేర్పిన పాఠం ఇది.

మధ్యాహ్నం నరహరి రెండు చాయ్‌లు పట్టుకుని వచ్చాడు. తినలేదని తెలిసి కింద నుంచి ఉస్మానియా బిస్కెట్లు కూడా తెప్పించాడు. సెంటర్ వాళ్లు రాతపూర్వకంగా వివరణ అడుగుతున్నారని, ఆఫీసు ఓనర్ యాదగిరి సార్ క్షమాపణ ఉత్తరం ఇవ్వమన్నాడని చెప్పి, తనే టైపు చేసి తెచ్చిన కాగితం ముందు పెట్టాడు. తహూరా చదివింది. జూనియర్ ప్రోగ్రామర్‌కు అనుభవం లేకపోవడం వల్ల, మీ ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల అని ఉంది.

దేవరాజు సంగతి తీసేద్దామంది. ఆయన కాగితంలో ఉన్నట్టే చేశాడు కదా అంది.

“మొత్తం నీ ఒక్కదాని మీదనే పడితే బరువైతది,” అన్నాడు నరహరి. “జర పంచుకుంటే నీకే మంచిది. నేనున్న గదా, ఏం కాదు.”

ఇంత జరిగినా ఒక్క మాట గట్టిగా అనలేదు ఈయన అనుకుంది. సంతకం రేపు పెడతానని కాగితం బ్యాగులో పెట్టుకుంది.

ఇంట్లో అమ్మ షహజాదీ కుట్టు మిషన్ మీద జాకెట్ కుడుతూ కాగితం చదివించుకుంది. అంతా విని దారం తెంపి ఒక్కటే అడిగింది: తప్పు నీదే అని నీకు పూర్తిగా తెలుసా? తెలుసంది తహూరా. తెలుసా, ఎవరైనా చెప్పారా అంది తల్లి. కూతురు కాగితం మడిచి మళ్లీ బ్యాగులో పెట్టుకుంది.

బుధవారం ఆమె అందరికంటే ముందే ఆఫీసుకు వెళ్లింది. సంతకం పెట్టేదాంట్లో తేదీ, టైము అయినా సరిగ్గా ఉండాలని చిట్టా తెరిచింది. మామూలుగా తెరిస్తే ఒక పేరు, ఒక తేదీ కనబడతాయి. టైము కావాలని పూర్తి వివరం అడిగింది. తెర మీద రెండు పేర్లు వచ్చాయి.

రాసింది: తహూరా, ఆగస్టు పదమూడు, సాయంత్రం అయిదూ ఇరవై.

చేర్చింది: నరహరి, ఆగస్టు పద్నాలుగు, పగలు పదకొండూ నలభై.

ఒకరు రాసిన దాన్ని ఇంకొకరు తెరిచి దిద్ది మళ్లీ మూసేస్తే ఇలా అవుతుంది. మొదట రాసినవాళ్ల పేరు పైన అలాగే ఉండిపోతుంది. దిద్దినవాళ్ల పేరు, అడిగితే తప్ప కనబడని చోటికి పోతుంది.

ప్రోగ్రాంను అందరి ముందు నడిపి చూపించే డెమో జరిగిన రోజది, ఆగస్టు పద్నాలుగు; ఆ రోజు తహూరా ఆఫీసులోనే లేదు. అక్క జీనత్ కాన్పుకని సర్కారు దవాఖానలో వరండాలో నిలబడి ఉంది. ఫోన్ బ్యాగులో ఉంది, బ్యాగు అమ్మ దగ్గర ఉంది. సాయంత్రం చూసుకుంటే నరహరివి మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే, ఏం లేదు, డెమో మంచిగ అయ్యింది, పాప ఎట్ల ఉంది అని అడిగాడు.

నరహరి దిద్దకముందు రాసినదాని ఆనవాళ్లు తన ల్యాప్‌టాప్‌లో ఇంకా చెరిగిపోలేదు. వెతికితే పదమూడు సాయంత్రం నాటి తన నాలుగు లైన్లు దొరికాయి. ప్రోగ్రాం ముందు తాను ఏ ఫోల్డర్‌లో ఉందో తెలుసుకోవాలి, ఆ ఫోల్డర్‌ను పట్టుకుని పక్కనున్న జాబితాకు పూర్తి దారి కట్టుకోవాలి. ఎక్కడ నిలబడి పిలిచినా తేడా రాకూడదని పైన తెలుగులో ఒక మాట కూడా రాసి పెట్టుకుంది. ఆ మాట చూడగానే ఆమె కుర్చీలో వెనక్కి జారగిలబడింది. రెండు రోజులుగా తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. ఆ చేతులే రాసిన నాలుగు లైన్లను మొదటి నుంచి మళ్లీ చదివింది.

డెమో నాడు ఏమైందో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. నరహరి తన ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాంను ముందే బిల్డ్ చేసి విడిగా కట్టుకోకుండా నేరుగా నడిపి ఉంటాడు. అలా నడిపితే గో దాన్ని ఎక్కడో తాత్కాలిక ఫోల్డర్‌లో కట్టి నడుపుతుంది. నేనెక్కడున్నాను అని ప్రోగ్రాం అడిగితే ఆ తాత్కాలిక చోటే చెబుతుంది. అక్కడ జాబితా ఉండదు. అందరి ముందు ప్రోగ్రాం నడవలేదు. నాలుగు లైన్లు తీసి సగం దారి ఒక్క లైను పెడితే నడిచింది.

పదింటికి నరహరి మెట్ల మీద ఎదురయ్యాడు. లిఫ్టు పని చేయడం లేదు. ఆయన ఒక చేత్తో హెల్మెట్, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కుతున్నాడు. తహూరా రెండు మెట్ల పైన ఆగింది.

“అన్నా, పద్నాలుగు నాడు నేను లీవుల ఉన్న.”

నరహరి ఆగాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. మెట్ల కిందికి ఒకసారి, పైకి ఒకసారి చూశాడు.

“ఎవరికన్న సూపెట్టినవా?” అన్నాడు.

అంతసేపూ ఆమెలో ఒక మూల చిన్న ఆశ ఉంది. మరిచిపోయాడేమో, తనకూ తెలియదేమో, చూపిస్తే అయ్యో అంటాడేమో అని. ఆ ఒక్క ప్రశ్నతో అది పోయింది.

తర్వాత ఆయన చాలా చెప్పాడు. గాడ పన్నెండు మంది కూసున్నరని, ప్రోగ్రాం లిస్టు దొర్కలే అంటుంటే చేతులు ఆడలేదని, మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదని. మళ్లీ మార్చాలనుకుని మరిచిపోయానని. “నీ పేరు నేను కావాలని పెట్టలే తహూరా. అది దానంతట అదే ఉన్నది.”

“సోమవారం నాడు గూడ దానంతట అదే ఉన్నదా అన్నా?”

ఆయన హెల్మెట్‌ను మెట్టు మీద పెట్టాడు, మళ్లీ తీసుకున్నాడు. “నువ్వు చిన్నదానివి. నీకైతే మాఫ్ చేస్తరు అనుకున్న,” అన్నాడు. “నాకైతే చెయ్యరు.”

ఆమె పక్కకు జరిగింది. ఆయన ఎక్కి వెళ్లిపోయాడు. అడుగుల చప్పుడు మూడో అంతస్తు దాకా వినబడింది.

యాదగిరి సార్ ఆమె ల్యాప్‌టాప్ తెరుస్తుంటేనే చేయి అడ్డం పెట్టాడు. చూపించనవసరం లేదన్నాడు. ఫోన్లు పోలేదని శనివారం సెంటర్ నుంచి తెలియగానే చిట్టా చూసుకుని, నరహరి ఆదివారమే తనకు ఫోన్ చేసి అంతా చెప్పాడట. ఇద్దరూ మాట్లాడుకుని ఇట్ల పోదాం అనుకున్నారట. ఆయన ఆ మాట దాచాల్సింది కాదన్నట్టు, ఎండల గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నరహరి లేకపోతే ఆఫీసే నడవదని, నీ పని పోదు కదా, ఒక సంతకం కదా అని నచ్చజెప్పాడు.

“రేపు నువ్వే పోయి ప్రోగ్రాం బాగు చేసి, లెటర్ ఇచ్చి రా. మిగిలిన ముచ్చట గాడ తీయకు.”

తహూరా ల్యాప్‌టాప్ మూసింది. వాళ్లిద్దరూ ఆదివారం మాట్లాడుకుంటున్న వేళకు తాను జీనత్ బిడ్డకు ఉయ్యాల కడుతోంది. తన పేరు మీద ఒక నిర్ణయం అయిపోయింది, తనకే తెలియదు. మోసం చేసింది ఒక్క నరహరి అనుకున్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం కూడా రాలేదు. ఈ గదిలో ఇన్నాళ్లూ తాను ఎక్కడ నిలబడి ఉందో అర్థమవుతున్నట్టు అనిపించింది. సీటుకు వెళ్లి నరహరి టైపు చేసిన కాగితాన్ని వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు తన చేతిరాతతో రాయడం మొదలుపెట్టింది.

గురువారం మధ్యాహ్నం మేనేజర్ మేడం ఆ చేతిరాత ఉత్తరం నిలబడే చదివింది. రెండు తేదీలు, రెండు పేర్లు, తీసేసిన నాలుగు లైన్లు, పెట్టిన ఒక్క లైను, దేవరాజుకు ఇచ్చిన కాగితంలో లేని మాట. ఎవరినీ తిట్టలేదు అందులో.

ఇది మీ ఆఫీసు లెటర్ కాదు కదా అంది మేడం. కాదు, నాదని చెప్పింది తహూరా. మీ లోపలి గొడవలు నా మీద పెట్టొద్దని మేడం విసుక్కుంది. దేవరాజు గురించి రాసింది మాత్రం ఇంకోసారి చదివింది. బల్ల సొరుగు తీసి, సోమవారం ముట్టుకోని మడతల కాగితం కోసం వెతికి, అది అక్కడ లేదని గుర్తొచ్చి, ఫోన్ అందుకుని దేవరాజును ఆ కాగితం పట్టుకుని సాయంత్రానికల్లా రమ్మంది.

“నిన్ను ఉంచుతరా మరి?” అంది ఫోన్ పెట్టేస్తూ.

“తెల్వదు మేడం.”

కొండవ్వ ఆ రోజు మళ్లీ మూడో మంచం మీదే ఉంది. కాళ్ల వాపు తగ్గింది. కళ్లు పూర్తిగా తెరిచి ఉన్నాయి. తహూరాను చూడగానే ఉప్పలయ్య స్టూలు మీది నుంచి లేచి, కూసో బిడ్డా అన్నాడు. సోమవారం నాటి చూపు కాదు అది. ఆ మంచితనానికి ఆమె తడబడింది. చెప్పదలచుకున్నది ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ లైను రాసింది నేను కాదు తాతా అని మాత్రం అంది.

“అది మనసుల పెట్టుకోకు బిడ్డా,” అన్నాడు ఉప్పలయ్య. “మీ సారు మంగళారం మాపటీలి మా ఇంటికొచ్చిండు. పండ్లు వట్టుకొచ్చిండు. చిన్న పిల్ల, తెల్వక చేసింది, దాన్ని మాఫ్ చెయ్యుండ్రి అని నా చేతులు వట్టుకున్నడు. నిన్నెప్పుడో మాఫ్ చేసినం మేము.”

తహూరా స్టూలు అంచు పట్టుకుంది. బిస్కెట్లు తెప్పించిన రోజే, సంతకం రేపు పెడతానని ఆమె కాగితం తీసుకున్న సాయంత్రమే, ఆయన బండి మీద అంత దూరం వెళ్లి తన పేరు మీద మాఫీ అడిగి తెచ్చుకున్నాడు. వీళ్లిచ్చారు కూడా. ఆ మాఫీ ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఆమెకు తెలియలేదు.

మెల్లగా, ఒక్కొక్కటిగా, అంతా చెప్పింది. ఉప్పలయ్య వింటూ వింటూ మళ్లీ స్టూలు కోసం వెతుక్కున్నాడు. అది ఆమె కింద ఉంది. మంచం అంచున కూర్చున్నాడు.

కొండవ్వ సూది గుచ్చిన చేయి కదలకుండా తల ఒక్కటే ఇటు తిప్పింది.

“గాయన మా గడపల కూసోని ఏడ్సిండు బిడ్డా,” అంది. “ఎక్కెక్కి ఏడ్సిండు. పక్కోళ్ల తప్పుకు గంతగనం ఏడుస్తరా అని అప్పుడే అనుకున్న నేను. ఈయనకు జెప్తే ఇనలే.”

మిషన్ గొట్టంలో రక్తం మెల్లగా తిరుగుతోంది. కొండవ్వ మొగుడిని ఫోన్ తీయమంది. పండ్లిచ్చిన నాడు ఆ సారు నంబరు కూడా ఇచ్చిపోయాడు, ఏ అవసరమొచ్చినా చెయ్యమని. ఉప్పలయ్య అద్దాలు పెట్టుకుని వెతికి, నొక్కి, ఆమె చెవి దగ్గర పెట్టాడు.

“సారూ, నేను కొండవ్వను. మంచిగున్న. మీ తహూరా బిడ్డ నా పక్కపొంటి కూసున్నది,” అంది ఆమె. కోపం లేదు గొంతులో. “మొన్న మాఫ్ చేసిన అన్న గదా. అది ఎవలకు ఇయ్యాలె సారూ? ఆ పిల్లకు ఇస్తే నాకొద్దంటుంది.”

అటు నుంచి జవాబు రాలేదు. ఉప్పలయ్య ఫోన్ తీసి తెర చూశాడు. కట్ కాలేదు. సెకన్లు నడుస్తున్నాయి. మళ్లీ ఆమె చెవి దగ్గర పెట్టాడు.

“ఉన్నడు,” అంది కొండవ్వ. “మాట్లాడ్తలేడు. నువ్వు మాట్లాడ్తవా?”

తహూరా తల అడ్డంగా ఊపింది. అయిదు దాటింది. ఆరింటికి రేపటి వాళ్లకు ఫోన్లు పోవాలి. గుమ్మంలో దేవరాజు మడతల కాగితంతో వచ్చి నిలబడ్డాడు. ఆమె లేచి, స్టూలును ఉప్పలయ్య వైపు జరిపి, కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. జూన్ నాటి పాత ఫోల్డర్‌ను ముందు తీసేసింది. తన నాలుగు లైన్లను తిరిగి రాసింది. జాబితా తేదీ పాతదైతే ఎవరికీ ఫోన్ చేయకుండా ఆగిపోయి దేవరాజుకు చెప్పాలని ఇంకో మూడు లైన్లు కలిపింది. ప్రోగ్రాం తెరవగానే అది చదువుతున్న ఫైలు దారి మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, తెర మీద చూపించేలా చేసింది. దేవరాజును పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఫోల్డర్‌లో నిలబడి నడుపుతావో నీ ఇష్టం, నడుపు కాకా అంది.

అతను మూడు చోట్ల నుంచి నడిపాడు. మూడుసార్లూ ఒకే దారి వచ్చింది. ప్రతిసారీ వేలు పెట్టి పైకి చదివాడు.

మూడో మంచం దగ్గర కొండవ్వ ఇంకా ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది.